అమ్మ గొంతు అమ్మ గొంతులా వినపడాలంటే: పాత కేసెట్లని కంప్యూటర్లోకి ఎక్కించే పద్ధతి

మొన్న సంక్రాంతికి నాలుగు రోజుల ముందు ఒకావిడ కేసెట్టు ఒకటి కొంగులో చుట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. వాళ్ళమ్మ 1987లో కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళి అక్కణ్ణించి పంపిన మాటల ఉత్తరం అది. మా రాజోలు చుట్టుపక్కల వాళ్ళకి ఈ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు. రాయడం రానివాళ్ళు, వచ్చినా రాసి తృప్తి పడనివాళ్ళు కేసెట్లో మాట్లాడి, ఊరికొస్తున్న వాళ్ళ చేతికిచ్చి పంపేవారు.

"టౌన్లో ఒకచోట కంప్యూటర్లోకి ఎక్కించి ఇచ్చారక్కా. అమ్మ గొంతు అమ్మ గొంతులా లేదు" అంది. ఫోన్లో వినిపించింది. నిజమే. బిందెలో తలపెట్టి మాట్లాడుతున్నట్టుంది.

మా నాన్నది రేడియోలు, టేప్ రికార్డర్ల రిపేరు షాపు. స్కూలు అయ్యాక నేను చేరేది అక్కడికే. చేతిలో సోల్డరింగ్ ఐరన్ పట్టుకునే ఎదిగాను. షాపు మూసేసి ఇరవై ఏళ్ళు దాటింది కానీ ఆయన కేసెట్లు వాయించే డెక్కు, స్క్రూడ్రైవర్లు నా దగ్గరే ఉన్నాయి. తెలిసినవాళ్ళు కేసెట్లు తెస్తే ఎక్కించి ఇస్తుంటాను. ఇది మీ ఇంట్లో మీరే చేసుకోగలిగిన పని. కాకపోతే అందరూ కంప్యూటర్ దగ్గర మొదలుపెడతారు. అది ఆఖరి మెట్టు. అసలు పని డెక్కు లోపల ఓ చిన్న స్క్రూ దగ్గర మొదలవుతుంది.

మెషిన్ సంగతి

ఆన్‌లైన్లో యూఎస్‌బీ వైరుతో సహా వచ్చే చవక ప్లేయర్లు కొనకండి. అరచేతిలో పట్టేంత ఉంటాయి, చూడ్డానికి ముద్దొస్తాయి, పాట మాత్రం ఉయ్యాల్లో కూర్చుని పాడినట్టు ఊగుతుంది. వాటిలో టేపు బుస తగ్గించే డాల్బీ కూడా ఉండదు. దానికంటే మీ చుట్టాల్లో ఎవరో ఒకరి అటక మీద గల్ఫ్ నుంచి తెచ్చిన స్టీరియో డెక్కు ఉంటుంది, అడిగి చూడండి. ముందువైపు 'డాల్బీ ఎన్ఆర్' అని బటన్ గానీ స్విచ్చి గానీ ఉంటే మీకు కావాల్సింది అదే.

ఏళ్ళ తరబడి వాడలేదు కాబట్టి లోపల బెల్టు కరిగి తారులా అంటుకుపోయి ఉంటుంది. కొత్త బెల్టు వేయించండి. రబ్బరు ప్రెషర్ రోలర్ గట్టిపడి గాజులా మెరుస్తుంటే అదీ మార్చాలి. ఆ తర్వాత టేపు మీది శబ్దాన్ని చదివే హెడ్డుని, టేపుని లాగే సన్నటి ఇనప షాఫ్టుని దూదిపుల్లతో తుడవాలి. దీనికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడాలి. మొబైల్ రిపేరు షాపుల్లో బోర్డులు కడగడానికి వాడేది ఇదే, అక్కడ అడిగితే దొరుకుతుంది. రోలర్‌కి మాత్రం సబ్బునీళ్ళలో తడిపిన గుడ్డ చాలు. కీచుమంటోందని కొబ్బరినూనె చుక్క వేసేవాళ్ళు కోనసీమలో తక్కువేమీ లేరు. అలాంటి డెక్కు వస్తే మా నాన్న మూత తీసి, వాసన చూసి, "మళ్ళీ తలంటారు దీనికి" అనేవారు. నూనె తగిలిన రోలర్ మీద టేపు జారిపోతుంది, పాట ఊగుతుంది.

డెక్కు వెనకాల 'లైన్ అవుట్' అని రెండు గుంటలుంటాయి. ఎరుపు, తెలుపు పిన్నుల వైరు అక్కడ పెట్టి, రెండో చివర యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ (డెక్కు శబ్దాన్ని కంప్యూటర్లోకి పంపే చిన్న డబ్బా) లైన్ ఇన్‌పుట్‌లో పెట్టండి. లాప్‌టాప్‌కి ఉండే ఒకే ఒక్క గుంట మైకు కోసం పెట్టింది. డెక్కు సిగ్నల్ దానికి చాలా ఎక్కువ, శబ్దం పగిలిపోతుంది. పైగా రెండు చానళ్ళు రావు.

కేసెట్టుని చేతిలోకి తీసుకున్నాక

ముందు కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని చూడండి. చుట్ట అంచు మీద తెల్లటి పొడి కనిపిస్తే అది బూజు. మా వైపు గాలిలో తేమకి పది కేసెట్లలో రెండో మూడో ఇలా ఉంటాయి. దాన్ని మంచి డెక్కులో పెట్టారంటే, తర్వాత పెట్టే ప్రతి కేసెట్టుకీ అంటిస్తారు. విడిగా ఉంచండి.

వెనకవైపు పైన రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులు ఉంటాయి. విరిచెయ్యండి. ఇక పొరపాటున రికార్డు బటన్ నొక్కినా ఏం కాదు. టేపు బయటికి కనిపించే చోట, రాగి రేకు మీద చిన్న ఉన్ని ముక్క ఉంటుంది, దాన్ని ప్యాడ్ అంటాం. టేపుని హెడ్డుకి ఆనించి పట్టుకునేది అదే. జిగురు ఎండి ఊడిపోయిందంటే గొంతు దూరంగా, మసగ్గా వస్తుంది. అయిదు స్క్రూల కేసెట్టయితే విప్పి వేరే డొక్కులోకి చుట్టల్ని మార్చేయొచ్చు. స్క్రూలు లేకుండా అతికించేసిన రకమైతే అతుకు వెంబడి బ్లేడుతో నెమ్మదిగా తెరవాలి. తెరిచాక తుమ్మకండి. నవ్వడానికి చెప్పట్లేదు. అరగంట టేపు అంటే 86 మీటర్లు. నేల మీద పరుచుకుంటే మళ్ళీ పెన్సిల్‌తో చుట్టేసరికి తెల్లారుతుంది.

ప్లే చేసే ముందు ఈ చివర్నించి ఆ చివరికి, ఆ చివర్నించి ఈ చివరికి ఒకసారి పూర్తిగా తిప్పండి. ఏళ్ళ తరబడి కదలని చుట్ట వదులవుతుంది.

ఆ చిన్న స్క్రూ

అసలు విషయం ఇక్కడుంది. కేసెట్టుని ఫిలిప్స్ వాళ్ళు 1963లో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో బయటపెట్టారు. మాటలు రికార్డు చేసుకోవడం కోసం చేసింది కాబట్టి టేపు వెడల్పు 3.81 మిల్లీమీటర్లే, నడక సెకనుకి 4.76 సెంటీమీటర్లే. స్టూడియో రీలు సెకనుకి 38 సెంటీమీటర్లు పరిగెడుతుంది, అంటే ఎనిమిది రెట్లు. ఇంత నెమ్మదిగా నడిచే టేపు మీద 10,000 హెర్ట్జ్ (సెకనుకి పదివేల సార్లు ఊగే) స్వరం ఒక్కో అల 4.76 మైక్రాన్లలో ఇరుక్కుని ఉంటుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు. హెడ్డులో ఉండే చీలిక ఆ అలకి సరిగ్గా నిలువుగా ఉండాలి. వెంట్రుకవాసి వంగినా అల ఎత్తూ పల్లమూ కలిసిపోయి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. 'స', 'శ', 'చ' అన్నీ మొద్దుబారిపోతాయి. బిందెలోంచి వచ్చే గొంతు తయారవుతుంది.

ఏ రెండు మెషిన్ల హెడ్డూ ఒకేలా నిలబడి ఉండదు. కువైట్ ఇంట్లో డెక్కు ఎలా వంగి ఉందో, మీ డెక్కు ఆ కేసెట్టు కోసం అలాగే వంగాలి. హెడ్డుకి రెండు పక్కలా స్క్రూలుంటాయి. ఒకటి బిగించి ఉంటుంది, రెండోదాని కింద స్ప్రింగు ఉంటుంది. ఆ స్ప్రింగు స్క్రూయే తిప్పాల్సింది. దీన్ని పుస్తకాల్లో అజిమత్ అంటారు. మా షాపులో 'హెడ్ స్క్రూ' అనేవాళ్ళం.

మొదట ఆ స్క్రూ ఇప్పుడున్న చోట నెయిల్ పాలిష్‌తో సన్నటి గీత పెట్టండి, ఎంత తిప్పినా వెనక్కి రావడానికి. కొన్ని డెక్కుల్లో కేసెట్టు తలుపు మూతని పైకి లాగితే ఊడొస్తుంది, అప్పుడు ప్లే అవుతుండగానే స్క్రూ అందుతుంది. డాల్బీ ఆపేయండి. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. రెండు చానళ్ళని కలిపి మోనోలో వినండి. మోనోలో తేడా ఇట్టే దొరికిపోతుంది. అయస్కాంతం లేని చిన్న స్క్రూడ్రైవర్‌తో గడియారం నిమిషాల ముల్లంత మెల్లగా తిప్పండి. గొంతు మసకబారితే రెండో వైపుకి. ఒకచోట హఠాత్తుగా తెర తీసినట్టవుతుంది. దాటిపోతే మళ్ళీ మసక. అటూ ఇటూ రెండుసార్లు దాటి, మధ్యలో ఆగండి.

ఆవిడ కేసెట్టుకి పావు తిప్పు కూడా పట్టలేదు. "చిన్నోడు స్కూలుకి..." అనే చోట 'స్కూ' వినపడగానే ఆవిడ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

కేసెట్టు మారితే మళ్ళీ తిప్పాలి. అదే కేసెట్టు రెండో పక్కకీ తిప్పాలి. బద్ధకించకండి. దీన్ని వదిలేసి కంప్యూటర్లో ట్రెబుల్ పెంచి సరిచేద్దామంటే కుదరదు, అసలు లోపలికి రానిదాన్ని పెంచేదేముంది?

డాల్బీ నొక్కాలా, వద్దా

ఇంత సన్నటి, ఇంత నెమ్మది టేపు మీద బుస తప్పదు. మెత్తగా మాట్లాడితే మాట కింద సుయ్‌మంటూ వినపడుతూనే ఉంటుంది. దాన్ని తగ్గించిన మనిషి రే డాల్బీ. అమెరికాలో 1933లో పుట్టాడు. చదువుకునే రోజుల్లోనే ఆంపెక్స్ కంపెనీలో వీడియో టేప్ రికార్డర్ తయారుచేసిన బృందంలో పనిచేశాడు. కేంబ్రిడ్జిలో డాక్టరేట్ అయ్యాక, 1963లో యునెస్కో సలహాదారుగా మన దేశానికే వచ్చి రెండేళ్ళు చండీగఢ్‌లో సెంట్రల్ సైంటిఫిక్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఆర్గనైజేషన్‌లో ఉన్నాడు. ఇక్కడి సంగీతాన్ని టేపులో పట్టుకునేవాడు. ఈ బుసకి మందు ఏమిటన్న ఆలోచన ఆయనకి ఇక్కడ ఉండగానే తట్టింది. సన్నటి తంబురా శ్రుతి కింద బుస ఎంత చిరాకు పెడుతుందో విన్నవాళ్ళకి తెలుసు, ఆశ్చర్యం లేదు. 1965లో లండన్ వెళ్ళి కంపెనీ పెట్టాడు. స్టూడియోల కోసం చేసిన మొదటి రకాన్ని డెక్కా రికార్డుల కంపెనీ కొంది. ఇళ్ళల్లో మెషిన్ల కోసం 1968లో చేసిన చిన్న రకమే మన డెక్కు మీద కనిపించే 'బీ'. తర్వాత సినిమా హాళ్ళలోకి వెళ్ళాడు, 1989లో ఆస్కార్, 1997లో అమెరికా ప్రభుత్వం ఇచ్చే నేషనల్ మెడల్ ఆఫ్ టెక్నాలజీ, 2010లో ఇంజనీర్ల సంఘం ఐఈఈఈ ఇచ్చే ఎడిసన్ మెడల్ వచ్చాయి.

పని చేసే తీరు మాత్రం మా నాన్న చెప్పినట్టే చెబుతాను. వానాకాలం బురదలో నడవాలి. ఆడవాళ్ళు ఏం చేస్తారు? కుచ్చిళ్ళు పైకెత్తి పట్టుకుని దాటి, గట్టెక్కాక దించుకుంటారు. బురద అంటే టేపు బుస. రికార్డు చేసేటప్పుడు డాల్బీ సన్నటి, మెత్తటి శబ్దాలని 10 డెసిబెల్స్ దాకా పైకెత్తి టేపు మీద పెడుతుంది. గట్టి శబ్దాలు ఎలాగూ బుసని కప్పేస్తాయి కాబట్టి వాటిని ముట్టుకోదు. ప్లే చేసేటప్పుడు ఎంత ఎత్తిందో అంతే దించుతుంది. దించేటప్పుడు ఆ మధ్యలో టేపు కలిపిన బుస కూడా దాంతోపాటు కిందికి పోతుంది.

ఇందులో రెండు చిక్కులున్నాయి. మొదటిది, ఎత్తకుండానే దించితే నేల మీద ఈడుస్తుంది. డాల్బీ లేకుండా రికార్డు చేసిన కేసెట్టుకి డాల్బీ నొక్కితే మాటల చివర్లు తెగిపోతాయి, ఊపిరి వినపడదు. చాలామంది ఆ బటన్‌ని బుస తగ్గించే ట్రెబుల్ తిప్పుడుగా వాడేశారు, అది దాని పని కాదు. రెండోది, ఎంత దించాలో డాల్బీ తనంతట తాను టేపు నుంచి వచ్చే పై స్వరాల బలాన్ని చూసి తేల్చుకుంటుంది. హెడ్ స్క్రూ సరిగా లేక పై స్వరాలు సగమే వస్తే, 'ఓహో ఇది మెత్తటి చోటు' అనుకుని ఇంకా దించేస్తుంది. మసక మీద మసక. అందుకే స్క్రూ ముందు, డాల్బీ తర్వాత.

కేసెట్టు మీద ఏమీ రాసి ఉండదు కదా, ఎలా తెలుస్తుంది? చెవితోనే. డాల్బీ ఆపి వింటే 'స' అక్షరాలు చెవిలో పొడిచినట్టు, ఊపిరి, గాజుల చప్పుడు మరీ ముందుకొచ్చినట్టు ఉంటే, బీ నొక్కండి. గొంతు మామూలు మనిషి గొంతై కూర్చుంటే అది డాల్బీతో చేసిందే. నొక్కగానే గొంతుకి దుప్పటి కప్పినట్టయితే కాదు. రేడియో, టేపు కలిసుండే మన టూ ఇన్ వన్‌లలో చేసినవి దాదాపు అన్నీ డాల్బీ లేనివే. ఈ కువైట్ కేసెట్టు పనిచేసే ఇంట్లోని పెద్ద మ్యూజిక్ సిస్టం మీద చేసినట్టుంది, బీ నొక్కగానే చక్కగా కూర్చుంది. మీకు అనుమానంగా ఉంటే రెండుసార్లు రికార్డు చేసుకోండి, ఒకటి నొక్కి, ఒకటి ఆపి. టైమే కదా పోయేది.

వేగం పట్టుకోవడం

ఇది అందరికీ అవసరం ఉండదు, నాకు సరదా. కరెంటు మీద నడిచిన మెషిన్‌లో చేసిన రికార్డింగులో సన్నటి గుంయ్‌మనే హమ్ ఉంటుంది. కువైట్‌లో కరెంటు 50 హెర్ట్జ్, దానికి రెట్టింపు 100 దగ్గర హమ్ గట్టిగా ఉంటుంది. ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌లో మాటల్లేని చోట పది సెకన్లు ఎంచుకుని, స్పెక్ట్రం చూపించే దాంట్లో సైజు 65536 పెట్టి చూడండి. నాకు రెండు ముళ్ళు కనిపించాయి. ఒకటి 100 దగ్గర, అది మా ఇంటి ఇప్పటి కరెంటు. రెండోది 102 దగ్గర. అదే 1987 నాటి కువైట్ కరెంటు. అంటే టేపు రెండు శాతం వేగంగా నడుస్తోంది. తప్పు ఆ మెషిన్‌దో నాదో అనవసరం, ఆ రెండు శాతం తగ్గిస్తే సరి. అయితే పిచ్ మార్చేది కాదు, స్పీడ్ మార్చేది వాడాలి.

సౌదీ నుంచి వచ్చిన కేసెట్టుకి ఈ లెక్క వాడితే బోల్తా పడతారు, అక్కడ 60 హెర్ట్జ్. ఇంకో మాట, మన ఊళ్ళో చేసిన కేసెట్లకి దీన్ని నమ్మకండి. ఆ రోజుల్లో దక్షిణాది గ్రిడ్‌లో ఫ్రీక్వెన్సీ 50 కన్నా బాగా కిందికి జారిపోతుండేది. వేసవి సాయంత్రం చేసిన రికార్డింగు ఒక లెక్క, వానాకాలం రాత్రిది ఒక లెక్క.

రేడియోలోంచి పట్టినవి

విజయవాడ కేంద్రం 837 కిలోహెర్ట్జ్ మీద వింటూ, టూ ఇన్ వన్‌లో రికార్డు చేసుకున్న హరికథలు, నాటకాలు చాలా ఇళ్ళల్లో ఉన్నాయి. వీటికి పని తేలిక. మన మీడియం వేవ్‌లో స్టేషన్‌కీ స్టేషన్‌కీ మధ్య 9 కిలోహెర్ట్జే ఎడం. అందుకే మామూలు రేడియోలు 4, 5 వేల హెర్ట్జ్ పైన ఏదీ పెద్దగా రానివ్వవు. ఆ పైన మీకు వినపడేదంతా టేపు బుసే. ఆడాసిటీలో పై స్వరాలని ఆపేసే లోపాస్ ఫిల్టర్ 5,000 దగ్గర పెట్టి కోసేయండి, పోయేది ఏమీ లేదు. ఫ్యాన్ రెగ్యులేటర్ బర్‌ర్ శబ్దం దొరికితే దాన్ని మాత్రం అలాగే భరించాలి, అది మాట లోపలికంటా దూరిపోయి ఉంటుంది.

ఆఖర్న కంప్యూటర్

రికార్డింగ్ 48,000 హెర్ట్జ్, 24 బిట్లు, వేవ్ ఫైలు. స్టీరియోలో గంటకి ఒక జీబీ చిల్లర అవుతుంది. మీటరు ముల్లు అతి గట్టి మాట దగ్గర మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. 24 బిట్లలో కొంచెం తగ్గినా నష్టం లేదు, పగిలితే మాత్రం అతకదు. టేపు నడుస్తున్నంతసేపు అక్కడే కూర్చుని వినండి. వంటింట్లోకి వెళ్ళి వచ్చేసరికి టేపు రోలర్‌కి చుట్టుకున్న సందర్భాలు నాకే ఉన్నాయి.

ఇక బుస తీసే సాఫ్ట్‌వేర్ సంగతి. ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. మొదట్లో మా అమ్మమ్మ మాట్లాడిన కేసెట్టు ఒకటి మామయ్య దగ్గర తెచ్చి ఎక్కించాను. నాయిస్ రిడక్షన్ 24 డెసిబెల్స్ పెట్టాను. బుస మాయమైపోయింది, నేను మురిసిపోయి ఒరిజినల్ ఫైలు మీదే సేవ్ చేశాను. నెల తర్వాత మంచి హెడ్‌ఫోన్స్‌లో వింటే అమ్మమ్మ గొంతు చుట్టూ నీళ్ళ బుడగల్లాంటి చప్పుడు. మళ్ళీ చేద్దామంటే కేసెట్టు మామయ్యకి ఇచ్చేశాను. 2022 జులైలో గోదావరికి వరదొచ్చినప్పుడు లంకలో ఆయన ఇల్లు మునిగింది. పెట్టెతో సహా పోయింది. ఇప్పుడు మా దగ్గరున్నది ఆ బుడగల అమ్మమ్మే.

కాబట్టి డెక్కు నుంచి వచ్చింది వచ్చినట్టు ఒక ఫైలు, దాన్ని ఎప్పటికీ ముట్టుకోకండి. నాయిస్ రిడక్షన్ చేస్తే కాపీ మీదే చేయండి, 6 డెసిబెల్స్ మించొద్దు. చెవి ఆ మాత్రం బుసకి రెండు నిమిషాల్లో అలవాటు పడిపోతుంది. ఫైలు పేరులోనే ఎవరు, ఎక్కడ, ఏ ఏడు, ఏ పక్క, డాల్బీ ఉందా లేదా అన్నీ రాసేయండి. ఒక కాపీ పెన్ డ్రైవ్‌లో, ఇంకోటి వేరే ఊళ్ళో ఉండే వాళ్ళ కంప్యూటర్లో. వాట్సాప్‌లో పంపడానికి విడిగా ఎంపీ3 చేసుకోండి.

కువైట్ ఉత్తరం 22 నిమిషాలుంది. ఆ తర్వాత వాళ్ళమ్మ మెషిన్ ఆపడం మర్చిపోయినట్టుంది, ఇంకో ఎనిమిది నిమిషాలు టేపు నడిచింది. గిన్నెలు కడుగుతున్న చప్పుడు, కుళాయి, ఎవరో పిల్ల అరబ్బీలో ఏదో అడగడం, ఈవిడ రెండు ముక్కలు అరబ్బీలో జవాబు చెప్పి, తనలో తాను తెలుగులో విసుక్కోవడం. టౌన్లో ఎక్కించిన ఫైల్లో ఈ భాగం లేదు. ఉత్తరం అయిపోయింది కదా అని కోసేసి ఉంటారు. నేను కొయ్యాలా అని అడిగితే కూతురు మాట్లాడకుండా తల అడ్డంగా ఊపింది. గుక్కెడు మంచినీళ్ళు తాగి, గిన్నెల దగ్గర్నించి మళ్ళీ పెట్టమంది.

ఫైలిచ్చాక కేసెట్టుని నిలబెట్టి దాచుకోమని, స్పీకర్ పక్కన, ఫ్రిజ్ మీద పెట్టొద్దని, డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేయమని చెప్పాను. డబ్బులు వద్దంటే మర్నాడు ఆత్రేయపురం పూతరేకులు పట్టుకొచ్చింది, దాంతోపాటు వాళ్ళ వీధిలో వాళ్ళవి ఇంకో పదకొండు కేసెట్లు. రెండింటికి బూజు పట్టి ఉంది. వాటిని విడిగా వరండాలో పెట్టాను.